అప్పటి చట్టం, ఇప్పటి అన్యాయం: హాన్స్ ఫిల్బింగర్ ఉదంతంలోని చిక్కుముడులు

1945 మార్చి 16న ఓస్లో నగరంలోని ఆకర్స్‌హుస్ కోటలో వాల్టర్ గ్రోగర్ అనే 22 ఏళ్ల జర్మన్ నావికుణ్ణి తుపాకులతో కాల్చి చంపారు. నార్వే అప్పటికింకా జర్మన్ల ఆక్రమణలోనే ఉంది గానీ, యుద్ధంలో జర్మనీ ఓడిపోతున్నదన్న సంగతి అక్కడి సైనికులెవరికీ తెలియనిది కాదు. మరో 53 రోజుల్లో నార్వేలోని జర్మన్ సేనలు లొంగిపోయాయి. గ్రోగర్ శిక్ష అమలును దగ్గరుండి చూసి, ఆ నివేదిక మీద సంతకం చేసిన అధికారి 31 ఏళ్ల నౌకాదళ న్యాయాధికారి. అంతకు రెండు నెలల ముందు, కోర్టులో ప్రాసిక్యూటర్‌గా నిలబడి గ్రోగర్‌కు మరణశిక్ష వేయమని కోరిందీ ఆయనే. ఆయన పేరు హాన్స్ ఫిల్బింగర్. 1966లో ఆయనే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రానికి మినిస్టర్ ప్రెసిడెంట్ అయ్యారు, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. 1978 ఆగస్టులో ఆ పదవి పోయింది, అదీ ఈ నావికుడి కారణంగానే.

ఈ ఉదంతాన్ని జర్మనీలో రెండు రకాలుగా క్లుప్తీకరిస్తుంటారు. హిట్లర్ కాలపు న్యాయమూర్తి ఒకడు కుర్రవాడికి మరణశిక్ష వేసి, చేసినదంతా దాచిపెట్టి, ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కాడన్నది మొదటిది. ఫిల్బింగర్ రాసిన తీర్పు వల్ల ఒక్కరి ప్రాణమూ పోలేదన్నది రెండోది. మొదటి మాటలో వివరాలు తప్పు. గ్రోగర్ కేసులో తీర్పు చెప్పింది ఫిల్బింగర్ కాదు. రెండో మాటలో వివరం అక్షరాలా నిజమే గానీ, దాన్ని విన్నవారికి మిగిలే అభిప్రాయం మాత్రం నిజం కాదు. ఈ రెంటి మధ్య ఏం జరిగిందో తెలియాలంటే నౌకాదళ కోర్టుల పనితీరు, గ్రోగర్ కేసు నడిచిన తీరు, 1978లో ఫిల్బింగర్ తనను తాను సమర్థించుకున్న తీరు, ఈ మూడింటినీ విడదీసి చూడాలి. నా ఉద్దేశంలో ఆయన్ని పడగొట్టింది ఈ మూడోదే.

ఫిల్బింగర్ 1913 సెప్టెంబర్ 15న మన్‌హైమ్‌లో పుట్టారు. క్యాథలిక్ కుటుంబం. బడి వయసులో క్యాథలిక్ యువజన సంఘంలో చురుగ్గా తిరిగారు. న్యాయశాస్త్రం ప్రధానంగా ఫ్రైబుర్గ్‌లో చదివి, 1939లో డాక్టరేట్ పొందారు. 1937లో నాజీ పార్టీలో చేరారు. సర్కారీ న్యాయవృత్తిలో పైకి రావాలంటే ఆ రోజుల్లో అది దాదాపు తప్పనిసరి మెట్టు. ఆ తరం జర్మన్ న్యాయవాదుల్లో అత్యధికులు ఆ మెట్టు ఎక్కినవారే కనుక, ఇందులో ఆయన ప్రత్యేకత ఏమీ లేదు. 1940లో నౌకాదళంలోకి వెళ్లారు. 1943లో న్యాయ విభాగానికి మార్చారు. ఆ పని తనకు ఇష్టం లేక జలాంతర్గామి విభాగానికి వెళ్లాలని ప్రయత్నించానని తర్వాతి కాలంలో ఆయన చెప్పుకున్నారు.

జర్మన్ సైనిక కోర్టుల్లో న్యాయాధికారి ఈరోజు ఒక కేసులో న్యాయమూర్తిగా కూర్చుని, రేపు మరో కేసులో ప్రాసిక్యూటర్‌గా నిలబడవచ్చు. ఫిల్బింగర్ పాల్గొన్న కేసులుగా లభ్యమైన రికార్డులు చూపేవి 230కి పైనే. వాటిలో ఎక్కువ భాగం న్యాయమూర్తిగా, మిగిలినవి ప్రాసిక్యూటర్‌గా. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. కోర్టు చెప్పిన తీర్పు దానంతటది అమల్లోకి వచ్చేది కాదు. ఆ కోర్టుకు పైనుండే సైన్యాధికారి దాన్ని ఖాయం చేయాలి. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు కానక్కర్లేదు, యుద్ధం నడిపేవాడైతే చాలు. శిక్ష చాలలేదనిపిస్తే తీర్పు కొట్టేసి మళ్లీ విచారణ జరపమనే అధికారం ఆయనకుండేది. ప్రాసిక్యూటర్ ఎలాంటి శిక్ష కోరాలో కూడా పైనుంచే సూచన రావచ్చు. తీర్పు న్యాయమూర్తిదని చెప్పినా, దాని మీద చేయి వేసి ఉండేది మాత్రం సైన్యాధికారి. ఫిల్బింగర్ తర్వాత చేసుకున్న సమర్థనలో సగం ఈ ఏర్పాటు మీదే నిలబడింది.

ఇక గ్రోగర్ విషయానికి వస్తే, 1943 చివర్లో అతను ఓస్లోలో ఒక నార్వే యువతితో పరిచయమై, ఓడకు తిరిగి వెళ్లకుండా కొన్ని వారాలు ఆమె దగ్గర దాక్కున్నాడు. ఇద్దరూ సరిహద్దు దాటి తటస్థ దేశమైన స్వీడన్‌కు వెళ్లిపోవాలని అనుకున్నారు. వెళ్లలేదు, దొరికిపోయాడు. 1944లో మొదటి విచారణ జరిగినప్పుడు నౌకాదళ కోర్టు అతనికి ఎనిమిదేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది. ఫిల్బింగర్ ఆ విచారణలో లేరు. పై అధికారి ఆ తీర్పును ఖాయం చేయలేదు, మరణశిక్షే తగినదన్నది పైవారి అభిప్రాయం. 1945 జనవరి 16న రెండో విచారణ జరిగినప్పుడు ప్రాసిక్యూటర్ స్థానంలోకి వచ్చింది ఫిల్బింగర్. ఆయన మరణశిక్ష కోరారు, కోర్టు వేసింది. క్షమాభిక్ష వినతిని బెర్లిన్ తోసిపుచ్చింది. ఆ కాగితాలు ఓస్లో చేరేసరికి మార్చి మధ్యకు వచ్చింది. కోటలో ఖైదీకి ఉత్తర్వు వినిపించడం, కాల్చే దళం ముందుకు తీసుకువెళ్లడం, మరణాన్ని డాక్టరు నిర్ధారించాక నివేదిక పూర్తి చేయడం, ఇవన్నీ అక్కడికి పంపిన ఆ అధికారి పర్యవేక్షణలో జరగవలసిన పనులు. ప్రాసిక్యూటరే ఈ పనికీ నియమితుడు కావడం విధిగా జరగవలసిందేమీ కాదు. మరొక అధికారిని పంపినా సరిపోయేది.

మరి ఆయనకు వేరే దారి ఉండేదా? ఈ ప్రశ్నకు రెండు పక్షాలూ చెప్పుకునే జవాబులు ఒకే వాస్తవం నుంచి పుట్టడం విచిత్రం. ఎనిమిదేళ్ల తీర్పును పైవారు కొట్టేశారు గనుక మరణశిక్ష అప్పటికే ఖాయమై ఉందని, ఎవరు ప్రాసిక్యూటర్‌గా నిలబడ్డా అదే జరిగేదని సమర్థకులు అంటారు. అవే చట్టాలు, అదే నేరం చేతిలో ఉన్న మరో కోర్టు ఎనిమిదేళ్లతో సరిపెట్టగలిగిందంటే, విచక్షణకు చోటుందనే కదా అర్థం అని విమర్శకులు అంటారు. 1940లో హిట్లర్ స్వయంగా జారీ చేసిన మార్గదర్శకాలే సైన్యం విడిచి పారిపోయిన ప్రతి వాడికీ మరణశిక్ష వేయమనలేదు. కుర్రతనపు తొందరపాటు, కుటుంబ ఇబ్బందులు, పై అధికారుల దుర్వ్యవహారం లాంటి కారణాలుంటే జైలు చాలునన్నాయి. విదేశానికి పారిపోయినా, పారిపోవాలని చూసినా మరణశిక్షే తగినదని కూడా అవే అన్నాయి. గ్రోగర్ కేసు ఈ రెండు వాక్యాలకూ మధ్య పడింది. నౌకాదళ ప్రధానాధిపతి డోనిట్జ్ 1943 తర్వాత ఇంకా కఠినంగా ఉండాలని ఒత్తిడి తెచ్చిన మాట కూడా నిజమే. గ్రోగర్ సేవా రికార్డు బాగాలేదు, క్రమశిక్షణ తప్పినందుకు పడిన శిక్షలు అందులో ఉన్నాయి. ఇన్నింటినీ తూచాక నాకు కనిపించేది ఇది: ఫిల్బింగర్ చేసింది చట్టాన్ని మీరిన పని కాదు, చట్టం ఇచ్చిన సందును వాడుకోకుండా వదిలేసిన పని. కింది స్థాయిలో ఉన్న ఒక అధికారికి ఆ సందులో నిలబడే తెగువ లేకపోవడాన్ని 2020లలో కూర్చుని తీర్పు తీర్చడం సులువని నాకూ తెలుసు. అయినా సందు లేదనడం మాత్రం సరికాదు.

మిగిలిన కేసుల్లోనూ చిత్రం ఒకే రంగులో లేదు. 1943లో హాంబుర్గ్ మీద బాంబు దాడుల తర్వాత దోపిడీ చేశాడన్న ఆరోపణపై ఒక నావికుడికి ప్రాసిక్యూటర్‌గా మరణశిక్ష కోరిన ఫిల్బింగరే, తర్వాత శిక్ష తగ్గించవచ్చునని చెప్పారు. ఆ మనిషి బతికాడు. తమ ప్రాణం ఫిల్బింగర్ వల్లే నిలిచిందని యుద్ధానంతరం సాక్ష్యం చెప్పినవారూ ఉన్నారు. 1945 ఏప్రిల్‌లో న్యాయమూర్తిగా ఆయన రెండు మరణశిక్షలు విధించారు. ఆ ఇద్దరూ అప్పటికే స్వీడన్ చేరుకున్నారు. శిక్షలు కాగితం మీదే మిగిలాయి. అయితే అవి కాగితం మీద ఉన్నాయన్న సంగతే ముప్పై మూడేళ్ల తర్వాత ఆయన కొంప ముంచింది.

ఇంకో కేసు ఉంది. మనుషులెవరూ చనిపోలేదు గనుక చిన్నదే అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అది చాలా చెబుతుంది. 1945 మే 8న జర్మనీ లొంగిపోయింది. హిట్లర్ చనిపోయి వారం దాటింది. నార్వేలోని లక్షలాది జర్మన్ సైనికులు బ్రిటిష్ వారి అధీనంలోని బందీలయ్యారు. అంత జనాన్ని అదుపులో ఉంచడానికి జర్మన్ సైనిక కోర్టులు క్రమశిక్షణ కేసులు నడుపుకోవచ్చునని విజేతలు అనుమతించారు. ఆ పరిస్థితిలో ఒక సైనికుడు తన దుస్తుల మీది స్వస్తిక గుర్తులు పీకేసి, అధికారులను నాజీ కుక్కలని తిట్టి, మాట వినడానికి నిరాకరించాడు. లొంగుబాటు జరిగి సుమారు మూడు వారాలైన తర్వాత ఫిల్బింగర్ అధ్యక్షతన కోర్టు అతనికి ఆరు నెలల జైలు వేసింది. అతని ప్రవర్తన సైనిక క్రమశిక్షణను కుళ్లబెట్టేదని తీర్పులో రాశారు. ఆ దేశం లేదు, ఆ జెండా లేదు, ఆ నాయకుడు లేడు. అయినా పాత సిరాతో పాత వాక్యాలే రాశారు.

యుద్ధం తర్వాత ఫిల్బింగర్ ఫ్రైబుర్గ్‌లో న్యాయవాద వృత్తి మొదలుపెట్టారు. 1951లో క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ అయిన సీడీయూలో చేరి, 1953లో నగర మండలి సభ్యుడయ్యారు. 1958లో ముఖ్యమంత్రి గెబ్‌హార్డ్ ముల్లర్ ఆయన్ని ప్రభుత్వంలోకి తీసుకున్నారు. ఈ ముల్లర్ కొద్దికాలానికే రాజకీయం వదిలి ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యారు. రాజకీయానికీ న్యాయపీఠానికీ మధ్య ఇలాంటి రాకపోకలు జర్మనీలో కొత్తేమీ కాదు. 2011లో జార్లాండ్ ముఖ్యమంత్రి పీటర్ ముల్లర్ కూడా నేరుగా అదే న్యాయస్థానంలో న్యాయమూర్తిగా వెళ్లారు. ఫిల్బింగర్ దారి దానికి తిరగబడినది, కోర్టు ముందు, రాజకీయం తర్వాత. 1960లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, అదే ఏడాది హోం మంత్రి అయ్యారు. 1966 డిసెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కుర్ట్ గియోర్గ్ కీజింగర్ దేశ ఛాన్సలర్‌గా నాటి రాజధాని బాన్‌కు వెళ్లడంతో ఆయన కుర్చీ ఫిల్బింగర్‌కు వచ్చింది. కీజింగర్ కూడా ఒకప్పటి నాజీ పార్టీ సభ్యుడే.

ముఖ్యమంత్రిగా ఆయన విఫలుడేమీ కాదు. బాడెన్-వుర్టెంబెర్గ్ 1952లో మూడు ప్రాంతాలు కలిసి ఏర్పడిన రాష్ట్రం. తమను బలవంతంగా కలిపారన్న బాధ బాడెన్ ప్రాంతంలో చాలాకాలం రగిలింది. ఇలాంటి బాధ ఎంత లోతుగా దిగుతుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1970 జూన్‌లో బాడెన్ ప్రజల ముందు ఆ ప్రశ్న పెట్టి ఓటింగ్ జరిపినప్పుడు దాదాపు 82 శాతం మంది కలిసే ఉందామన్నారు. తానే బాడెన్ బిడ్డ కావడం ఫిల్బింగర్‌కు కలిసొచ్చింది. 1973లో 63 జిల్లాలను 35కు తగ్గించారు. ఎన్నికల్లో ఆయన పార్టీ 1972లో 52.9 శాతం, 1976లో 56.7 శాతం ఓట్లు తెచ్చుకుంది. రెండోది ఆ రాష్ట్రంలో సీడీయూకు ఇంతవరకూ తిరిగి రాని శిఖరం. 1973-74లో జర్మన్ పార్లమెంటు ఎగువ సభ బుండెస్‌రాట్‌కు అధ్యక్షత వహించారు. మన రాజ్యసభలా ఎమ్మెల్యేలు ఎన్నుకున్న సభ్యులు కాకుండా, అక్కడ రాష్ట్ర ప్రభుత్వాల మనుషులే కూర్చుంటారు. అధ్యక్ష స్థానం ఏడాదికొక ముఖ్యమంత్రికి వంతులవారీగా వస్తుంది. వీల్ గ్రామం దగ్గర తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం విషయంలో మాత్రం ఆయన లెక్క తప్పింది. అది కట్టకపోతే దశాబ్దం ముగిసేలోగా రాష్ట్రంలో దీపాలు ఆరిపోతాయన్నారు. ద్రాక్ష రైతులు, విద్యార్థులు స్థలాన్ని ఆక్రమించారు, కేంద్రం రాలేదు, దీపాలూ ఆరలేదు.

ఈ కాలంలోని ఒక విషయం తర్వాతి కథకు అవసరం. 1972లో ఛాన్సలర్ విల్లీ బ్రాంట్, రాష్ట్రాల ముఖ్యమంత్రులు కలిసి తీవ్రవాద భావాలున్నవారు సర్కారీ ఉద్యోగాల్లోకి రాకుండా చూడాలని నిర్ణయించారు. బడిపంతులు కావాలనుకునేవారు కూడా రాజ్యాంగం పట్ల తమ విధేయతను నిరూపించుకోవలసి వచ్చింది. ఫిల్బింగర్ ప్రభుత్వం ఈ నిబంధనను మిగతా చాలా రాష్ట్రాల కంటే గట్టిగా అమలు చేసింది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఏ సమావేశానికి వెళ్లావు, ఏ కరపత్రం పంచావు అని 25 ఏళ్ల యువకుణ్ణి అడిగే ఆ ప్రభుత్వపు అధిపతిని, 1945లో నీవేం చేశావని ఎవరో అడగక తప్పని రోజు దగ్గరపడుతోంది.

మొదటి సూచన 1972లోనే వచ్చింది. డెర్ స్పీగెల్ వారపత్రిక ఆ ఆరు నెలల జైలు కేసును బయటపెట్టింది. శిక్ష పడిన మనిషి, నాజీ ప్రభుత్వాన్ని పొగుడుతూ ఫిల్బింగర్ అన్నారంటూ ఒక మాట చెప్పాడు. ఫిల్బింగర్ కోర్టుకెళ్లి, ఆ మాటను ప్రచురించకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. వ్యవహారం సద్దుమణిగింది. బహుశా ఈ విజయమే ఆయనకు చేటు చేసిందేమో. తన గతం గురించి ఎవరైనా రాస్తే కోర్టుకెళ్తే సరిపోతుందన్న నమ్మకం ఆయనకు అక్కడే కుదిరి ఉంటుంది.

1978 ఫిబ్రవరి 17న డీ త్సైట్ పత్రిక నాటకకర్త రోల్ఫ్ హోఖ్‌హూట్ రచనలోని ఒక భాగాన్ని ప్రచురించింది. అందులో ఫిల్బింగర్‌ను హిట్లర్ నౌకాదళ న్యాయమూర్తి అనీ, హిట్లర్ చచ్చాక కూడా బ్రిటిష్ బందీఖానాలో ఒక నావికుణ్ణి నాజీ చట్టాలతో వేధించినవాడనీ, భయంకరమైన న్యాయవేత్త అనీ రాశాడు. తెలిసినవాళ్లు నోరు మూసుకున్నందువల్లే ఆయన జైలు బయట తిరుగుతున్నాడని కూడా అన్నాడు. గమనించవలసిన సంగతేమిటంటే, ఆ రోజుకు హోఖ్‌హూట్ చేతిలో ఉన్నది పాత ఆరు నెలల జైలు కేసే. గ్రోగర్ పేరు అతనికీ తెలియదు. ఫిల్బింగర్ ఊరుకుని ఉంటే ఆ వ్యాసం రెండు వారాల చర్చతో ముగిసేదని నా అంచనా. ఆయన ఊరుకోలేదు. రచయిత మీదా పత్రిక మీదా దావా వేశారు. దావా పడ్డాక ఎదుటి పక్షం రుజువులు వెతకక తప్పదు. వెతుకులాట ఆహెన్ పక్కనున్న కోర్నెలీమ్యున్‌స్టర్ దాకా వెళ్లింది. అక్కడ దస్తావేజుల భాండారంలో నౌకాదళ కోర్టుల ఫైళ్లు భద్రంగా ఉన్నాయి. వాటిలో గ్రోగర్ ఫైలు దొరికింది. మే మొదటి వారానికి అది పత్రికలకెక్కింది.

స్టుట్‌గార్ట్ కోర్టు జులై 13న ఇచ్చిన తీర్పు చాలామంది అనుకున్నట్టు ఒక పక్షానికి పూర్తి గెలుపు కాదు. జైలు బయట ఉండడానికి తెలిసినవారి మౌనమే కారణమన్న మాటను కోర్టు నిషేధించింది. అది వాస్తవంగా చెప్పిన మాట, రుజువు లేదు. భయంకరమైన న్యాయవేత్త అన్నది మాత్రం ఉన్న వాస్తవాల ఆధారంగా ఏర్పరచుకున్న అభిప్రాయం గనుక, భావ ప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుందని వదిలేసింది. చట్టం తెలిసినవారికి ఇది సగం సగం తీర్పు. జనానికి మాత్రం, ఒక ముఖ్యమంత్రిని అలా పిలవవచ్చునని కోర్టే చెప్పినట్టయింది. ఆ విశేషణం ఆ రోజు నుంచి ఒక తరం న్యాయమూర్తులందరికీ పేరుగా స్థిరపడిపోయింది.

ఈలోగా ఫిల్బింగర్ మరో గొయ్యి తవ్వుకున్నారు. తాను ఒక్క మరణశిక్ష కూడా విధించలేదని మొదట్లో చెప్పారు. తర్వాత ఏప్రిల్ 1945 నాటి తీర్పులు ఒకటొకటిగా బయటపడ్డాయి. నిందితులు అందుబాటులో లేని కేసులు గనుక మరిచిపోయానని వివరణ ఇచ్చారు. అవి నీడ లాంటి తీర్పులని, ఎవరికీ హాని జరగలేదని చెప్పారు. నిజానికి ఆ వివరణలో అసంభవం ఏమీ లేదు. వందల కేసులు చూసిన మనిషి అమలు కాని శిక్షలు మరిచిపోవచ్చు. అయితే మరణశిక్ష రాసి మరిచిపోయానన్న మాటను, రాయడం కన్నా భయంకరంగా విన్నారు జనం. అంత తేలిగ్గా మరిచిపోయే పనా అది అన్న ప్రశ్న ఆయన సొంత పార్టీ కార్యకర్తల నుంచే వచ్చింది.

వీటన్నిటి మీదా పైచేయి అయింది ఒక్క వాక్యం. మే నెలలో డెర్ స్పీగెల్ విలేకరులతో మాట్లాడుతూ, అప్పుడు చట్టబద్ధమైనది ఇప్పుడు అన్యాయం కాజాలదని ఆయన అన్నట్టు పత్రిక ప్రచురించింది. తన మాటను వక్రీకరించారని, నాజీ చట్టాల గురించి కాదు, హిట్లర్‌కు ఎంతో ముందునుంచే ఉన్న సైనిక శిక్షాస్మృతి గురించి తాను మాట్లాడానని ఫిల్బింగర్ జీవితాంతం చెప్పారు. ఆయన వాదంలో ఒక పాలు వాస్తవముంది: యుద్ధంలో దళం విడిచి పారిపోతే మరణశిక్ష అన్నది బ్రిటన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ మొదటి ప్రపంచ యుద్ధంలో అమలైనదే. తేడా సంఖ్యలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనిక కోర్టులు వేసిన మరణశిక్షలు 150, అమలైనవి 48. రెండోదానిలో వేసినవి సుమారు 30,000 అని, అమలైనవి 20,000 దాకా ఉంటాయని చరిత్రకారుల అంచనా. శిక్షాస్మృతి పాతదే కావచ్చు, దాన్ని నడిపిన చేయి పాతది కాదు.

ఆ వాక్యాన్ని తెలుగులోకి తెస్తున్నప్పుడే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. జర్మన్‌లో రెఖ్ట్ అన్న ఒక్క మాట చట్టానికీ వర్తిస్తుంది, న్యాయానికీ వర్తిస్తుంది. దానికి వ్యతిరేకపదం ఉన్‌రెఖ్ట్, అంటే అన్యాయం, అధర్మం. ఒకే మాటలో రెండర్థాలూ ఇమిడి ఉండడం వల్ల ఆ వాక్యం ఆ భాషలో ఏదో తర్కసూత్రంలా, కాదనలేనిదిగా వినిపిస్తుంది. మనకు చట్టం వేరు, న్యాయం వేరు. చట్టం న్యాయం కాకపోవచ్చునని మన పల్లెల్లో కోర్టు మెట్లెక్కిన ప్రతి రైతుకూ తెలుసు. అప్పుడు చట్టమైనది ఇప్పుడు అన్యాయం కాజాలదంటే తెలుగులో ఎవరైనా, ఎందుకు కాజాలదని వెంటనే అడుగుతారు.

జర్మన్లకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. 1933లో నాజీలు ప్రొఫెసర్ పదవి నుంచి తీసేసిన గుస్టావ్ రాడ్‌బ్రుఖ్ 1946లోనే దీనికి జవాబు రాశాడు. అతను పాఠాలు చెప్పిన హైడెల్‌బెర్గ్ తర్వాత ఫిల్బింగర్ పాలించిన రాష్ట్రంలోనే ఉంది. అతని వాదం ప్రకారం, చట్టం అన్యాయమైనదైనా మామూలుగా దాన్ని పాటించవలసిందే, లేకపోతే సమాజంలో నిలకడ ఉండదు. కానీ ఆ అన్యాయం సహించలేని స్థాయికి చేరినప్పుడు చట్టం పక్కకు తప్పుకోవాలి. మనుషుల మధ్య సమానత్వాన్ని కావాలనే కాలరాసేది అసలు చట్టమే కాదు. ఫెడరల్ న్యాయస్థానాలు ఈ సూత్రాన్ని తీర్పుల్లో వాడుతూనే ఉన్నాయి. అంటే ఒక న్యాయవేత్త 1978లో ఆ వాక్యం అనేసరికి, దాన్ని ఖండించే సిద్ధాంతం ఆయన చదివిన వృత్తిలోనే ముప్పై ఏళ్లుగా ఉంది.

పార్టీ జులై చివరి దాకా ఆయన్ని మోసింది. ఆగస్టు మొదట్లో హాంబుర్గ్ కేసు కూడా బయటికి వచ్చాక మోయడం మానేసింది. ఆగస్టు 7న రాజీనామా చేశారు. తనకు ఘోరమైన అన్యాయం జరిగిందని ఆ రోజే ప్రకటించారు. నెలాఖరులో లోతార్ ష్పేట్ ముఖ్యమంత్రి అయ్యారు. గ్రోగర్ కుటుంబానికి ఒక్క మాట, చింతిస్తున్నానన్న ఒక్క మాట ఆ ఆరు నెలల్లో ఆయన నోట సూటిగా వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. అప్పటి పత్రికలు చదివితే, ఆయన సహచరుల్లో చాలామంది ఎదురుచూసింది ఆ మాట కోసమేనని అర్థమవుతుంది.

కోర్టులో ఆయన మీద కేసు ఎందుకు నడవలేదని అడగవచ్చు. న్యాయమూర్తి చట్టాన్ని వంచితే అది జర్మనీలో నేరం. కానీ తాను చేస్తున్నది అన్యాయమని అతనికి నిశ్చయంగా తెలిసి చేశాడని రుజువు కావాలని ఫెడరల్ న్యాయస్థానం 1950లలో అన్నది. నమ్మకంతో చేశాననే న్యాయమూర్తిని ఈ మెట్టు మీద పట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఫలితంగా, మరణశిక్షలు వేసిన ఒక్క సైనిక న్యాయమూర్తికీ పశ్చిమ జర్మనీ కోర్టులో శిక్ష ఖాయం కాలేదు. 1947లో అమెరికన్లు న్యురెంబెర్గ్‌లో న్యాయవేత్తలను విచారించి, హంతకుడి బాకు న్యాయమూర్తి అంగీ కింద దాగి ఉందని తీర్పులో రాశారు గానీ, ఆ బోనులో నిలబడ్డవారు న్యాయ మంత్రిత్వశాఖ, ప్రత్యేక కోర్టుల వాళ్లు. సైనిక న్యాయమూర్తులు కాదు. 1995లో తూర్పు జర్మనీ న్యాయమూర్తి ఒకరి కేసు వినేటప్పుడు ఫెడరల్ న్యాయస్థానం, నాజీ న్యాయమూర్తుల విషయంలో తమ పూర్వులు విఫలమయ్యారని ఒప్పుకుంది. 1998లో నాజీ కాలపు అన్యాయపు తీర్పులను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పారిపోయిన సైనికులను మొత్తంగా అందులో చేర్చడానికి మరో నాలుగేళ్లు పట్టింది. 2002లో గ్రోగర్ మీది తీర్పు చెల్లకుండా పోయింది. ఫిల్బింగర్ అప్పటికి 88 ఏళ్ల వయసులో ఫ్రైబుర్గ్‌లో ఉన్నారు, తన పార్టీ రాష్ట్ర శాఖకు గౌరవాధ్యక్షుడు. 2004లో దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే సభకు సీడీయూ ఆయన్ని ప్రతినిధిగా పంపినప్పుడు మళ్లీ గొడవయింది.

2007 ఏప్రిల్ 1న ఆయన చనిపోయారు. పది రోజుల తర్వాత ఫ్రైబుర్గ్ క్యాథడ్రల్‌లో జరిగిన అంత్యక్రియల సభలో అప్పటి ముఖ్యమంత్రి గ్యుంటర్ ఎట్టింగర్ మాట్లాడుతూ, ఫిల్బింగర్ నాజీ కాదని, పైగా నాజీ పాలనకు వ్యతిరేకి అని అన్నారు. ఫిల్బింగర్ తీర్పు వల్ల ప్రాణం పోయిన మనిషి ఒక్కడూ లేడని కూడా అన్నారు. ఈ రెండో మాట న్యాయవాది అయిన ఎట్టింగర్ చాలా జాగ్రత్తగా తూచి రాసుకున్నదే అయి ఉంటుంది. ఏప్రిల్ 1945 తీర్పులు అమలు కాలేదు, గ్రోగర్ తీర్పు వేరొకరిది. వాక్యంలో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. జనవరి 16న ఆ శిక్షను కోరినవారు, మార్చి 16న కోటలో నిలబడ్డవారు మాత్రం ఆ వాక్యంలో లేరు. యూదు సంఘాలు, ప్రతిపక్షాలు, ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ కూడా తప్పుపట్టాక, ఏప్రిల్ 16న ఎట్టింగర్ ఆ మాటలకు తాను కట్టుబడి లేనని, వాటికి దూరంగా ఉంటున్నానని ప్రకటించారు.